మజ్జోరే సరస్సులో మూడు దీవులు: ఇంటిల్లిపాదితో ఒక్కరోజు ప్రయాణం, పొద్దుటి రైలు నుంచి సాయంత్రం పడవ దాకా

ఉత్తర ఇటలీలో మిలాన్ నుంచి గంట, గంటంపావు రైలు ప్రయాణంలో స్ట్రేసా అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి ఒడ్డున నిలబడితే మజ్జోరే సరస్సులో దీవులు కనిపిస్తాయి. ఒకటి ఈసోలా బెల్లా: దాని మీద పెద్ద భవనం, దాని వెనక మెట్లు మెట్లుగా పైకి లేచిన తోట. ఇంకొకటి ఈసోలా మాద్రే: దట్టమైన చెట్లతో నిండిన దీవి, ఆ చెట్ల మధ్యలో పాత విల్లా. మరొకటి ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న జాలరి పల్లె. ఈ మూడింటినీ బొర్రొమేయో దీవులంటారు.

మేం మిలాన్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు, ఇద్దరు పిల్లలతో కలిసి మొదటిసారి అక్కడికి వెళ్లాం. ఒడ్డుకు దగ్గరగా ఉంది కదా అని ఈసోలా బెల్లా ముందు చూశాం. అక్కడే మధ్యాహ్నం దాటిపోయింది. దూరంగా ఉన్న ఈసోలా మాద్రేకి చేరేసరికి లోపలికి పంపే సమయం అయిపోయింది. చివరి పడవ దొరుకుతుందో లేదో అన్న టెన్షన్‌లో పిల్లల్ని ఎత్తుకుని రేవుకి పరుగెత్తాం. తర్వాతిసారి వరస తిరగేశాం. దూరపు దీవి పొద్దున్నే, పల్లె మధ్యాహ్నం భోజనానికి, దగ్గరి దీవి సాయంత్రానికి. అదే రోజు, అదే ఖర్చు, కానీ మూడూ తీరిగ్గా చూశాం. ఈ మార్గదర్శి అంతా ఆ వరస మీదే నడుస్తుంది.

ఏ నెలలో వెళ్లాలి

భవనాలు, తోటలు ఏడాదంతా తెరిచి ఉండవు. సాధారణంగా మార్చి రెండో సగంలో తెరిచి, నవంబరు మొదట్లో మూసేస్తారు. డిసెంబరు సెలవుల్లో ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఇది ముందే గుర్తుపెట్టుకోవాలి. చలికాలంలో జాలరి పల్లె ఒక్కటే మిగులుతుంది.

పూల కోసమైతే ఏప్రిల్, మే నెలలు. మార్చి, ఏప్రిల్‌లో కమేలియాలు, ఆ తర్వాత అజేలియాలు, రోడోడెండ్రాన్లు, ఏప్రిల్ చివరికి ఊదారంగు గుత్తులు వేలాడే విస్టీరియా తీగ. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, మధ్యాహ్నం ఎండ ఎక్కువ, సాయంత్రం ఉన్నట్టుండి ఉరుములతో వాన కురిసే రోజులూ ఉంటాయి. పిల్లలకి, పెద్దవాళ్లకి హాయిగా ఉండేది మే నెల, సెప్టెంబరు. సరస్సు చుట్టుపక్కల వానలు గట్టిగానే పడతాయి కాబట్టి ఏ నెలైనా పల్చటి రెయిన్‌కోటు ఒకటి సంచిలో పెట్టుకోండి. పడవ పై అంతస్తులో గాలి చల్లగా కొడుతుంది, పెద్దవాళ్లకి శాలువా ఉండాలి.

ఆదివారం కాకుండా వారం మధ్యలో వెళ్లగలిగితే సగం రద్దీ తప్పుతుంది.

టికెట్లు రెండు రకాలు, కలిపి అనుకోవద్దు

చాలామంది ఇక్కడే తికమకపడతారు. పడవ టికెట్ వేరు, భవనాలు, తోటల టికెట్ వేరు. పడవ ఎక్కి దీవిలో దిగినంత మాత్రాన తోటలోకి వెళ్లలేరు. ఈసోలా బెల్లా, ఈసోలా మాద్రే ఈనాటికీ బొర్రొమేయో అనే పాత ప్రభు కుటుంబానివే, వాటికి ప్రవేశ రుసుము ఉంటుంది. జాలరి పల్లె మామూలు ఊరు, అక్కడ టికెట్ లేదు.

రెండు దీవులకీ కలిపి ఇచ్చే టికెట్ విడివిడిగా కొనేదానికన్నా చవక. సీజన్‌లో అయితే ముందే ఆన్‌లైన్‌లో కొనండి. పిల్లల వయసు పరిమితులు, చివరిగా లోపలికి పంపే సమయం ఆ పేజీలోనే ఉంటాయి. ఆ చివరి సమయాన్ని కాగితం మీద రాసుకోండి. రోజంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పడవకి మాత్రం రేవులో ప్రభుత్వ పడవల కౌంటర్ దగ్గర, ఏ దీవిలోనైనా దిగి మళ్లీ ఎక్కగలిగే రోజు టికెట్ అడగండి. ఒక్కో దీవికి ఒక్కో టికెట్ కొంటే డబ్బూ పోతుంది, ప్రతి రేవులోనూ లైను కూడా తప్పదు.

స్ట్రేసా ఒడ్డున మీరు నడుస్తుండగానే నావికుల టోపీ పెట్టుకున్నవాళ్లు పలకరించి ప్రైవేటు పడవల గురించి చెబుతారు. అవీ మంచివే, చిన్నవి, టైంటేబుల్‌తో పనిలేకుండానే బయల్దేరతాయి. ఎక్కే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: మూడు దీవులకీ తీసుకెళ్తారా, ఒక్కో దీవిలో ఎంతసేపు ఆగుతారు, తిరిగి తెచ్చే ఆఖరి పడవ ఎన్నింటికి. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు ఉన్న మాకు మాత్రం ప్రభుత్వ పడవే నచ్చింది. ఎక్కువసేపు కూర్చోవాలనిపిస్తే తర్వాతి పడవకి వెళ్లొచ్చు, ఎవరూ తొందరపెట్టరు.

రైలు

మిలాన్ సెంట్రల్ స్టేషన్ నుంచి దొమొదోస్సొలా వైపు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కాలి. బోర్డు మీద స్ట్రేసా అని కాక దొమొదోస్సొలా అనే కనిపిస్తుంది. ఈ రైళ్లు ప్రతి పావుగంటకీ ఉండవు, కాబట్టి వెళ్లేది, వచ్చేది రెండూ ముందే చూసుకోండి. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య మిలాన్‌లో బయల్దేరితే రోజు సరిపోతుంది.

కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు స్టేషన్‌లో ఉండే చిన్న మెషీన్‌లో పెట్టి తేదీ ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

రైలు వెళ్లే దిక్కుకి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. సెస్తో కలెందే దగ్గర తిచీనో నదిని దాటుతుంది, అరోనా రాగానే సరస్సు కనిపిస్తుంది. అక్కణ్నుంచి స్ట్రేసా దాకా నీళ్లు మీ పక్కనే వస్తాయి. ఇటలీలో గార్దా తర్వాత ఇదే పెద్ద సరస్సు, 212 చదరపు కిలోమీటర్లు, ఉత్తరపు కొస స్విట్జర్లాండ్‌లో ఉంటుంది. అరోనా దాటాక మా మామయ్యగారు కిటికీకి అతుక్కుపోయి, "ఇది గోదారి అంత వెడల్పుందే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

స్ట్రేసా స్టేషన్ నుంచి రేవుకి పల్లంలోకి పది నిమిషాల నడక. దారిలో ఉన్న కిరాణా కొట్టులో నీళ్లు, పళ్లు కొనుక్కోండి, దీవుల మీద ధరలు ఎక్కువ.

మొదట ఈసోలా మాద్రే

పడవ దారిలో ఈసోలా బెల్లా, పల్లె రెండూ వస్తాయి. దిగేవాళ్లు గుంపులుగా దిగుతారు, మీరు కదలకండి. ఇంకాస్త దూరం వెళ్లాక మాద్రే వస్తుంది. దిగేది మీతో పాటు కొద్దిమందే. పొద్దున పదకొండు లోపు చేరితే తోటలో మీ అడుగుల చప్పుడు, పక్షుల అరుపులు తప్ప ఇంకేం వినిపించవు.

మూడు దీవుల్లోకీ ఇదే పెద్దది, ఎనిమిది హెక్టార్లకు కాస్త తక్కువ. మన లెక్కలో పంతొమ్మిది ఎకరాల చిల్లర. 19వ శతాబ్దంలో ఇంగ్లిషు పద్ధతిలో వేసిన తోట కాబట్టి గళ్లుగళ్లుగా కత్తిరించిన మొక్కలుండవు. వంకర దారులు, పెద్ద చెట్లు, మధ్యమధ్య పచ్చిక. రేవు నుంచి పైకి కొన్ని మెట్లుంటాయి, ఆ తర్వాత నడక సుఖంగానే సాగుతుంది. పచ్చిక మీద తెల్ల నెమళ్లు, మామూలు నెమళ్లు, ఫెజెంట్లు తిరుగుతుంటాయి. పిల్లలకి పడవలోనే చెప్పి ఉంచండి: తరమకూడదు, తినడానికి ఏమీ వేయకూడదు. కూర్చుని ఎదురుచూస్తే అవే దగ్గరికొస్తాయి. మా పాప పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. ఇంట్లో ఆ పిల్లని అన్నం దగ్గర రెండు నిమిషాలు కూర్చోబెట్టలేం.

భవనం ముందున్న ఖాళీ స్థలంలో ఆగి చూడాల్సింది ఒక సైప్రస్ చెట్టు. నీలం కలిసిన బూడిద రంగు ఆకులు తోరణాల్లా కిందికి వేలాడుతుంటాయి. 1862లో హిమాలయాల నుంచి తెప్పించిన విత్తనాల నుంచి పెరిగిందది. పేరు కాశ్మీరు సైప్రస్ అయినా ఆ జాతి పుట్టిల్లు కాశ్మీరు కాదు, భూటాన్, మన అరుణాచల్ ప్రదేశ్ వైపు. 2006 జూన్‌లో సుడిగాలి వచ్చి ఈ చెట్టుని వేళ్లతో సహా పడగొట్టింది. అంత పెద్ద చెట్టుని నరికేసి కట్టెలు చేసుకోవడం తేలిక. వీళ్లు అలా చెయ్యకుండా క్రేన్లతో లేపి నిలబెట్టి, ఉక్కు తాళ్లతో కట్టి బతికించారు. ఆ తాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పిల్లలకి ఆ తాళ్లు చూపించి, కథ చెప్పండి. మా అత్తయ్యగారు చెట్టుకి దణ్ణం పెట్టుకున్నారు.

16వ శతాబ్దంలో కట్టిన ఆ భవనం లోపలికి తప్పకుండా వెళ్లండి, ఒక్క కారణానికి: బొమ్మలాట. బొర్రొమేయో కుటుంబం తమ ఇంట్లో ఆడించుకున్న బొమ్మలు, చిన్న రంగస్థలాలు గదుల్లో అమర్చి ఉన్నాయి. తెరల మీద రంగులు వేసినవాళ్లలో అలెస్సాంద్రో సాంక్విరికో ఒకరు, మిలాన్‌లోని లా స్కాలా ఒపేరాకి రంగాలంకరణ చేసినాయన. దయ్యాలు, అస్థిపంజరాలు, డ్రాగన్లు కూడా ఉంటాయి. మన తోలుబొమ్మలు తెర వెనక దీపం వెలుగులో నీడలుగా ఆడతాయి, ఇవి చెక్క బొమ్మలు, పైనుంచి దారాలతో ఆడిస్తారు. తోలుబొమ్మలాట చూసిన పెద్దవాళ్లెవరైనా మీతో ఉంటే, ఆ తేడా పిల్లలకి వాళ్లనే చెప్పనివ్వండి. చీకటి గదుల్లో దయ్యాల బొమ్మలు చూసి మా నాలుగేళ్ల బాబు కొంచెం జంకాడు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి.

ఇక్కడ గంటన్నర ఇవ్వండి. బయల్దేరే ముందు రేవులో తర్వాతి పడవ టైము చూసుకుని, పది నిమిషాల ముందే నిలబడండి.

మధ్యాహ్నం జాలరి పల్లెలో

ఈసోలా దేయి పెస్కతోరి అంటే జాలర్ల దీవి. పొడవు 350 మీటర్లు ఉంటుందేమో, వెడల్పు వంద మీటర్లు. ఏడాది పొడుగునా మనుషులు కాపురముండే దీవి మూడింట్లో ఇదొక్కటే. ఇరుకు సందులు, నిలువుగా పెరిగిన ఇళ్లు, వాటికి పొడుగాటి వరండాలు. ఒకప్పుడు ఆ వరండాల్లోనే చేపలు ఎండబెట్టేవారు. ఆగస్టు 15న మేరీమాత విగ్రహాన్ని దీపాలు పెట్టిన పడవల్లో దీవి చుట్టూ తిప్పుతారు, మన తెప్పోత్సవం గుర్తొస్తుంది.

చూడటానికి అరగంట చాలు. ఇక్కడికి రావడం అన్నానికి, విశ్రాంతికి. హోటళ్ల వంటగదులు ఇటలీలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా మాత్రమే నడుస్తాయి. మూడింటికి వెళ్లి భోజనం అడిగితే దొరకదు. చేపలు తినేవాళ్లు సరస్సులో దొరికే పెర్సికో, లవరెల్లో అడగండి. ముళ్లు తక్కువ, పిల్లలు కూడా తింటారు.

శాకాహారులకి టొమాటో పాస్తా, మార్గెరీతా పిజ్జా, టొమాటో ముక్కలతో మొజరెల్లా చీజ్ దొరుకుతాయి. రిసోత్తో అనే అన్నం వంటకం చూడటానికి కూరగాయలదే అయినా మాంసం ఉడికించిన నీళ్లతో వండి ఉండొచ్చు. "సెంజా కార్నే, సెంజా బ్రోదో ది కార్నే" అని అడిగితే అర్థమవుతుంది. అంటే మాంసం వద్దు, మాంసం రసమూ వద్దు అని. బిల్లులో కోపెర్తో అని మనిషికింత వేస్తారు, అది కూర్చున్నందుకు వేసే ఛార్జీ, మోసం కాదు.

మేం మాత్రం రెండోసారి పులిహోర, ఆలూ వేపుడు చపాతీలు పట్టుకెళ్లాం. తోటల్లో తిననివ్వరు. పల్లె చివర నీటి ఒడ్డున చెట్ల కింద కూర్చోవడానికి చోటుంటుంది, అక్కడ తిని కాగితం ముక్క కూడా వదలకుండా సర్దుకున్నాం. తిన్నాక పెద్దవాళ్లని ఒక అరగంట అలాగే కూర్చోనివ్వండి. ముందున్నవి మెట్లు.

ఈసోలా బెల్లా: సాయంత్రానికి దాచుకున్నది

రెండున్నర, మూడు మధ్య ఇక్కడికి చేరాలి. పొద్దున బస్సుల్లో వచ్చిన టూరు గుంపులు అప్పటికి తగ్గుముఖం పడతాయి. అంతకన్నా ఆలస్యం చెయ్యకండి, ఇక్కడ రెండు గంటలు పడుతుంది.

లోపల దారి ఒకవైపే సాగుతుంది. ముందు భవనం, ఆఖరున తోట. వెనక్కి రాలేరు కాబట్టి బాత్రూము పనులు మొదట్లోనే కానివ్వండి. స్ట్రోలర్ తెచ్చి ఉంటే ఇక్కడ మోయడమే అవుతుంది, పసిపిల్లలకి ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ మేలు.

ఈ దీవి ఒకప్పుడు రాతి గుట్ట, కొన్ని జాలరి ఇళ్లు. 1632లో కార్లో బొర్రొమేయో, మూడో కార్లో అంటారు ఆయన్ని, తన భార్య ఇజబెల్లా పేరు మీద ఇక్కడ భవనం మొదలుపెట్టాడు. ఈసోలా ఇజబెల్లా కాలక్రమంలో ఈసోలా బెల్లా అయింది. బెల్లా అంటే అందమైనది అనే అర్థం కూడా కలిసొచ్చింది. ఆ తర్వాత ఆయన కొడుకు ఆరో వితలియానో దీన్ని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. తోట కోసం మట్టి అంతా ఒడ్డు నుంచి పడవల్లో తెచ్చి పోశారు. ఈ మాట గేటు దగ్గరే పిల్లలకి చెప్పండి. తోటలోకి వెళ్లాక వాళ్ల కళ్లకి అది వేరేగా కనిపిస్తుంది.

గదులన్నీ చదువుతూ నడిస్తే పిల్లలు విసుగుపడతారు. మేం ఒక ఆట పెట్టాం. ఒంటికొమ్ము గుర్రం ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడ లెక్కపెట్టాలి. అది బొర్రొమేయోల వంశ చిహ్నం. గోడల మీద, ముఖ్యంగా పాత ఫ్లెమిష్ అల్లిక తెరలున్న గదిలో అది దొరుకుతుంది. దానితో పాటు 'హుమిలితాస్' అన్న లాటిన్ మాట కూడా చూడమనండి. వినయం అని అర్థం. ఇంత పెద్ద భవనంలో గోడగోడకీ ఆ మాట రాసుకోవడం గురించి మా మామయ్యగారు, పాప చాలాసేపు మాట్లాడుకున్నారు.

పెద్దవాళ్లు ఆగాల్సిన గదులు రెండు. ఒకటి 1797లో నెపోలియన్, జోసెఫిన్ దిగిన గది. రెండోది సంగీతం గది. 1935 ఏప్రిల్‌లో ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్స్ నాయకులు జర్మనీ మళ్లీ సైన్యం పెంచుకోవడం గురించి మాట్లాడుకోవడానికి ఇక్కడ కూర్చున్నారు. ముసోలినీ, రామ్సే మెక్‌డొనాల్డ్, లవాల్. ఆ ఒప్పందం ఎన్నాళ్లో నిలవలేదు, అదే ఏడాది ఇటలీ ఇథియోపియా మీదికి దండెత్తింది. మెక్‌డొనాల్డ్ అంటే మన పాఠాల్లో చదువుకున్న కమ్యూనల్ అవార్డు ప్రధానే. చరిత్ర ఇష్టమైన మామయ్యలకి ఆ సంగతి చెబితే గదిలోంచి కదలరు.

అక్కణ్నుంచి కిందికి దిగితే గుహల్లాంటి గదులు. గోడలూ పైకప్పూ అంతా నల్లవి, తెల్లవి గులకరాళ్లు, గవ్వలు పొదిగినవి. వేసవి ఎండలో చల్లగా కూర్చోవడానికే కట్టుకున్నారు. ఎండలో వచ్చినవాళ్లకి ఎందుకో వెంటనే తెలుస్తుంది. పిల్లలకి భవనం మొత్తంలో ఇవే నచ్చాయి.

ఇక తోట. బయటికి రాగానే కనిపించే పెద్ద చెట్టు దగ్గర ఆగండి. కర్పూరం చెట్టు, రెండు వందల ఏళ్లది. ఇంట్లో హారతి వెలిగించడమే తప్ప కర్పూరం చెట్టు నుంచి వస్తుందని చాలామంది పిల్లలకి తెలియదు. కొమ్మ తుంచకండి. కింద రాలిన ఆకు ఒకటి తీసి నలిపితే చాలు, వాసన వస్తుంది. అత్తయ్యగారు ఆ ఆకుని కళ్లకద్దుకుని పాప చేతిలో పెట్టారు. ఇటలీలో ఉంటున్న ఆ పిల్లకి పూజగది వాసన ఒక చెట్టు దగ్గర దొరికింది. నాకు ఈ ప్రయాణం మొత్తంలో గుర్తుండిపోయింది అదే.

చెట్టు దాటాక పది అంతస్తులుగా లేచే తోట వస్తుంది. ఆ ముందుభాగాన్ని తెయాత్రో మాస్సిమో అంటారు, అంటే మహా రంగస్థలం. గూళ్లలో విగ్రహాలు, గవ్వలు, అన్నిటికన్నా పైన ఒంటికొమ్ము గుర్రం. మీ పిల్లల లెక్కలో చివరిది అది. తెల్ల నెమళ్లు ఇక్కడా ఉంటాయి. పైకెక్కితే మూడు వైపులా సరస్సు, దూరంగా కొండలు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైదాకా ఎక్కనక్కర్లేదు. కింద పూల మడుల దగ్గర బెంచీల మీద కూర్చున్నా తోట అంతా కనిపిస్తుంది. ఒకరు వాళ్ల దగ్గరుండి, ఇంకొకరు పిల్లల్ని పైకి తీసుకెళ్లి, తర్వాత మారండి. పెద్దవాళ్లకి సాయంత్రానికి ఓపిక బొత్తిగా ఉండదనుకుంటే మాత్రం నేను చెప్పిన వరస వదిలేసి, పొద్దున బెల్లా, మధ్యాహ్నం పల్లె అని రెండు దీవులతోనే ముగించండి. మాద్రే వదులుకోవడం బాధే గానీ, మూడింటినీ ఈడ్చుకుంటూ చూడటం అంతకన్నా బాధ.

తిరుగు ప్రయాణం

దగ్గరి దీవిని చివరికి దాచుకున్న లాభం ఇక్కడ తెలుస్తుంది. బెల్లా నుంచి స్ట్రేసాకి పడవలో పది నిమిషాలైనా పట్టదు. ఒక పడవ తప్పినా కంగారు లేదు.

రైలుకి టైముంటే ఒడ్డున పిల్లల్ని ఆడుకోనిచ్చి, బేకరీలో మార్గెరీతీనె అనే బిస్కెట్లు కొనండి. తర్వాత ఇటలీ రాణి అయిన మార్గెరీతా చిన్నతనంలో ఆమె కోసం ఈ ఊళ్లో చేసినవని చెబుతారు. వెన్న, పైన చక్కెర పొడి. పిండిలో ఉడికించిన గుడ్డు పచ్చసొన కలుపుతారు, గుడ్డు తినని వాళ్లకి ముందే చెప్పండి.

స్టేషన్‌కి వెళ్లేది ఎత్తు దారి, పొద్దున దిగిన పది నిమిషాలు ఇప్పుడు పెద్దవాళ్లతో ఇరవై అవుతాయి. ఆదివారం సాయంత్రం రైళ్లు నిండిపోతాయి, పిల్లలకి సీట్లు కావాలంటే కాస్త ముందే ప్లాట్‌ఫాం మీద ఉండండి. ఈసారి ఎడమవైపు కిటికీ. అరోనా దాకా సరస్సు అటే ఉంటుంది.